ఫార్మాట్ కొట్టించే ముందు: విండోస్ రికవరీ మోడ్‌తో కంప్యూటర్‌ను మీరే బాగుచేసుకోవడం

మా చిన్నాన్న ల్యాప్‌టాప్ ఒకరోజు పొద్దున్నే మొరాయించింది. కంపెనీ లోగో వస్తుంది, కింద చుక్కలు గిరగిరా తిరుగుతాయి, తర్వాత నీలం తెర. ఊళ్లో ఒక షాపుకు తీసుకెళ్తే ఫార్మాట్ కొట్టి, అంటే డిస్కు మొత్తం చెరిపి విండోస్ మళ్లీ వేసి, సాయంత్రానికల్లా చేతిలో పెట్టారు. చక్కగా ఆన్ అయింది. లోపల మాత్రం ఏమీ లేదు. పన్నెండేళ్లుగా ఇంటర్ పిల్లల కోసం ఆయన అను ఫాంట్లలో టైప్ చేసుకున్న తెలుగు పాఠాల నోట్సు, ప్రశ్నపత్రాలు అన్నీ పోయాయి. "ఒరేయ్, అవి మళ్లీ తెప్పించే దారి ఏదైనా ఉందేమో చూడరా" అని ఫోన్ చేశారు. లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. లోపల ఉన్నది ఎస్ఎస్‌డీ, అంటే కొత్తరకం డిస్కు. పాత హార్డ్ డిస్కుల్లో ఫార్మాట్ తర్వాత కూడా సాఫ్ట్‌వేర్‌తో ఎంతోకొంత వెలికి తీయొచ్చు. ఎస్ఎస్‌డీలో ట్రిమ్ అనే ఏర్పాటు ఉంటుంది, ఇక అక్కర్లేదని విండోస్ చెప్పిన చోటును డిస్కే తుడిచేసుకుంటుంది. ఆ తర్వాత చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

నిజానికి ఆ ల్యాప్‌టాప్‌కు ఫార్మాట్ అవసరం లేదేమో. ముందురోజు రాత్రి ఒక అప్‌డేట్ సగంలో ఉండగా చార్జింగ్ అయిపోయింది. ఆ అప్‌డేట్‌ను వెనక్కి తీసి ఉంటే సరిపోయేదని నా అనుమానం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. విండోస్ ఆన్ కావడం లేదంటే విండోస్ దెబ్బతిన్నదని అర్థం. మీ ఫైళ్లు చాలాసార్లు అదే డిస్కులో పదిలంగా ఉంటాయి.

విండోస్ 10, 11 రెండింట్లోనూ డిస్కులో ఒక మూల చిన్న భాగం దాచి ఉంటుంది. మామూలుగా మన కంటికి కనబడదు. అందులో ఓ బుల్లి విండోస్ ఉంటుంది, దాని పనల్లా పెద్ద విండోస్ పడిపోయినప్పుడు లేవనెత్తడమే. దాన్నే రికవరీ మోడ్ అంటాం. 2024 జులై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు ఫైలు వల్ల ప్రపంచమంతటా కంప్యూటర్లు నీలం తెర పెట్టాయి. శంషాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. దెబ్బతిన్న కంప్యూటర్లు సుమారు 85 లక్షలని మైక్రోసాఫ్ట్ లెక్క కట్టింది. మరమ్మతు ఏమిటంటే రికవరీ మోడ్‌లోంచి లోపలికి వెళ్లి ఆ ఒక్క ఫైలును తీసేయడం. దానికోసం ఫార్మాట్ కొట్టాల్సిన పని లేదు. చాలామందిని ఆపేసింది వేరే సంగతి, డిస్కులోని ఫైళ్లకు విండోస్ వేసే బిట్‌లాకర్ తాళం. మనమూ అక్కడే మొదలుపెడదాం.

ముందు తాళంచెవి వెతకండి

ఇప్పుడొచ్చే చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కుకు తాళం వేసే ఉంటుంది. విండోస్ 11 పెట్టుకునేటప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే, మనం అడగకుండానే ఆ తాళం పడిపోతుంది. రోజూ వాడేటప్పుడు దాని ఊసే తెలియదు. రికవరీ మోడ్‌లోకి వెళ్లి ఫైళ్లను ముట్టుకోబోయినప్పుడు మాత్రం 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది.

ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే భద్రంగా ఉంటుంది. ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి ఆ అకౌంట్‌లోకి వెళ్లి, డివైజెస్ కింద మీ ల్యాప్‌టాప్‌ను ఎంచుకుంటే బిట్‌లాకర్ కీ కనిపిస్తుంది. రెండు మూడు కీలు ఉంటే కంగారు పడకండి. తాళం అడిగే తెర మీద కీ ఐడీ అని కొన్ని అక్షరాలు చూపిస్తుంది, వాటితో సరిపోయేదే మీది. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులుగా ఉంటుంది, కాగితం మీద రాసుకుని పక్కన ఎవరినైనా చదవమంటే టైప్ చేయడం తేలిక. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు షాపతను తన మెయిల్‌తో అకౌంట్ తెరిచి ఇచ్చి ఉంటే కీ ఆ మెయిల్‌లోనే ఉంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఐటీ వాళ్లను అడగాలి. కీ పోతే మైక్రోసాఫ్ట్ కూడా దాన్ని మళ్లీ తయారుచేసి ఇవ్వలేదు.

కీతో పాటు చార్జర్ పెట్టుకోండి, పని మధ్యలో తీయొద్దు. డెస్క్‌టాప్ అయితే, యూపీఎస్ లేకపోతే, కరెంటు పోయే వేళల్లో మొదలుపెట్టొద్దు. ఒక ఖాళీ పెన్‌డ్రైవో బయటి హార్డ్ డిస్కో చేతిలో ఉండాలి.

రికవరీ మోడ్‌లోకి వెళ్లే దారులు

విండోస్ ఎలాగో ఆన్ అవుతూ లోపల ఇబ్బంది పెడుతుంటే దారి సులువు. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ తెరిచి అడ్వాన్స్‌డ్ స్టార్టప్ పక్కనున్న రీస్టార్ట్ నౌ నొక్కండి. విండోస్ 10లో అదే రికవరీ, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ కింద ఉంటుంది. పాస్‌వర్డ్ అడిగే తెర దాకా వచ్చి ఆగిపోతే, కింద కుడి మూలనున్న పవర్ బొమ్మ మీద నొక్కి, షిఫ్ట్ కీ పట్టుకునే రీస్టార్ట్ నొక్కండి.

అసలు లోగో దాటి రావడం లేదా? అప్పుడు విండోస్‌కు మనమే విషయం తెలియజెప్పాలి. వరసగా బూట్ తప్పుతోందని, అంటే తాను ఆన్ కాలేకపోతున్నానని, గమనిస్తే అది తనంతట తానే రికవరీ తెరుస్తుంది. ల్యాప్‌టాప్ ఆన్ చేయండి. లోగో కింద చుక్కలు తిరగడం మొదలవగానే పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుని ఆపేయండి. మళ్లీ ఆన్ చేసి మళ్లీ అలాగే ఆపండి. మూడోసారి ఆన్ చేసి వదిలేయండి. ఆటోమేటిక్ రిపేర్ సిద్ధమవుతోందని లోగో కింద కనబడుతుంది. తర్వాత వచ్చే తెరలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నొక్కితే మనకు కావాల్సిన చోటికి వచ్చినట్టే. తెర మీద అప్‌డేట్ శాతం కదులుతూ కనిపిస్తుంటే మాత్రం ఈ పని చేయకండి. గంట పట్టినా సరే, ఆగండి.

కొన్ని కంపెనీలు సొంత దారులు పెట్టాయి. హెచ్‌పీలో ఆన్ చేయగానే ఎఫ్11 వరసగా తట్టాలి. ఏసర్‌లో ఆల్ట్, ఎఫ్10 కలిపి నొక్కాలి. చాలా లెనోవో ల్యాప్‌టాప్‌లకు పక్కన సూది మొన పట్టేంత రంధ్రం ఉంటుంది, దాన్ని నోవో బటన్ అంటారు. ల్యాప్‌టాప్ ఆఫ్‌లో ఉండగా సిమ్ ట్రే తీసే పిన్నుతో నొక్కితే మెనూ వస్తుంది.

తెర వచ్చింది గానీ మౌస్, కీబోర్డ్ కదలడం లేదంటే మీ చేతుల్లో తప్పేమీ లేదు. 2025 అక్టోబర్ 14న వచ్చిన విండోస్ 11 అప్‌డేట్ ఒకటి రికవరీ మోడ్‌లో యూఎస్‌బీ కీబోర్డులను, మౌసులను పనిచేయకుండా చేసింది. అదే నెల 20న మైక్రోసాఫ్ట్ దాన్ని సరిచేస్తూ ఇంకో అప్‌డేట్ ఇచ్చింది. ఆ మధ్యలో చిక్కుకున్న కంప్యూటర్ మీదైతే, కింద చెప్పబోయే పెన్‌డ్రైవ్ దారిలో రండి.

మరమ్మతుకు ముందు ఫైళ్లు బయటికి

ఇక్కడే మిమ్మల్ని ఎక్కువసేపు ఆపుతాను. షాపుల్లో చాలాచోట్ల దాటేసే అడుగు ఇదే, చిన్నాన్న నోట్సు పోయింది కూడా ఇక్కడే.

రికవరీ తెర మీద ట్రబుల్‌షూట్, తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, తర్వాత కమాండ్ ప్రాంప్ట్ నొక్కండి. బిట్‌లాకర్ కీ అడిగితే ఇవ్వండి. నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. అందులో ఇంగ్లీషులో నోట్‌ప్యాడ్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. మామూలు నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. దానితో ఏం పని అనుకుంటున్నారా? ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కండి. వచ్చే చిన్న కిటికీ మీ కంప్యూటర్‌లోని అన్ని డ్రైవ్‌లనూ చూపిస్తుంది. కింద ఫైలు రకం అడిగే చోట ఆల్ ఫైల్స్ అని మార్చండి, లేకపోతే టెక్స్ట్ ఫైళ్లు తప్ప ఏవీ కనబడవు.

ఎడమవైపు దిస్ పీసీ నొక్కితే డ్రైవ్‌లు వరసగా ఉంటాయి. మీ సీ డ్రైవ్ ఇక్కడ డీ గానో ఈ గానో కనబడొచ్చు. రికవరీ మోడ్‌లో అక్షరాలు తారుమారవుతుంటాయి. ఎక్స్ అనే డ్రైవ్ కూడా ఒకటి ఉంటుంది. అది రికవరీ తాత్కాలికంగా వాడుకునే చోటు, రీస్టార్ట్ చేయగానే మాయమవుతుంది, అందులో ఏమీ దాచొద్దు. ఏ డ్రైవ్‌లో విండోస్, యూజర్స్ అనే ఫోల్డర్లు రెండూ ఉంటే అదే మీది. యూజర్స్‌లో మీ పేరు, దాని లోపల డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్. కావాల్సిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ నొక్కండి. వెనక్కి వచ్చి పెన్‌డ్రైవ్ తెరిచి, ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి పేస్ట్ నొక్కండి. ఎంత శాతం అయిందో చూపించే పట్టీ రాదు. కిటికీ బిగుసుకుపోయినట్టు ఉంటుంది, అంటే కాపీ అవుతోందన్నమాట. అది మళ్లీ కదిలాక పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు ఉన్నాయో లేదో, వాటి సైజు సున్నా కాలేదో చూసుకోండి.

డాక్యుమెంట్స్‌లో లేనివీ గుర్తు చేసుకోండి. ట్యాలీ వాడే దుకాణదారులు, అకౌంటెంట్ల లెక్కల డేటా చాలాసార్లు ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనో, యూజర్స్‌లోని పబ్లిక్ ఫోల్డర్‌లోనో ట్యాలీ పేరుతో ఉన్న ఫోల్డర్ లోపల డేటా అనే చోట ఉంటుంది. అను ఫాంట్లతో పని చేసే డీటీపీ వాళ్లు విండోస్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్ కూడా తీసుకోండి. ఫాంటు లేకపోతే రేపు ఆ ఫైలు తెరిచినా అర్థం లేని గీతలే కనిపిస్తాయి. డెస్క్‌టాప్ ఫోల్డర్ ఖాళీగా ఉంటే, మీ పేరు లోపలే ఉండే వన్‌డ్రైవ్ ఫోల్డర్ చూడండి. అందులోని కొన్ని ఫైళ్లు డిస్కులో కాకుండా క్లౌడ్‌లోనే, అంటే ఇంటర్నెట్‌లోనే ఉండొచ్చు, ఫోన్‌లో వన్‌డ్రైవ్ తెరిచి సరిచూసుకోండి.

హార్డ్ డిస్కులోంచి టక్‌టక్ మని శబ్దం వస్తుంటే, ఒక్కో ఫోల్డర్ తెరవడానికి నిమిషాలు పడుతుంటే, ఏ మరమ్మతూ మొదలుపెట్టకండి. డిస్కే ఆఖరి దశలో ఉందేమో. అన్నిటికన్నా ముఖ్యమైనవి ముందు తీసుకుని ఆపేయండి.

చిన్న మరమ్మతులు

ఫైళ్లు చేతిలో పడ్డాయి కదా, ఇక భయం లేదు. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కు తిరిగి రండి.

మొదట స్టార్టప్ రిపేర్. ఒక్క నొక్కుతో అయ్యే పని, ఫైళ్ల జోలికి రాదు, బూట్‌కు సంబంధించిన చిక్కులను తానే వెతికి సరిచేస్తుంది. చేయలేకపోయానని చెప్తే నిరాశపడొద్దు, అది చాలా మామూలు.

అప్‌డేట్ తర్వాతే గొడవ మొదలైందని మీకు గుర్తుంటే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ నొక్కండి. రెండు దారులు చూపిస్తుంది. క్వాలిటీ అప్‌డేట్ అంటే నెలనెలా వచ్చే చిన్నది, ముందు దాన్నే తీయండి. ఫీచర్ అప్‌డేట్ అంటే ఏడాదికోసారి వచ్చే పెద్దది, దాన్ని వెనక్కి తీసే వీలు మామూలుగా పది రోజులే ఉంటుంది. చిన్నాన్న ల్యాప్‌టాప్‌కు నేను మొదట చేసి ఉండేది ఇదే.

సిస్టమ్ రిస్టోర్ నొక్కితే పాత తేదీలు కొన్ని కనిపించాలి. ఆ తేదీ నాటి స్థితికి విండోస్‌ను తీసుకెళ్తుంది. ఫొటోలు, పత్రాలు అలాగే ఉంటాయి. ఆ తేదీ తర్వాత వేసుకున్న ప్రోగ్రాములు, ప్రింటర్ లాంటి పరికరాలను నడిపించే డ్రైవర్లు మాత్రం పోతాయి. చాలా కంప్యూటర్లలో ఈ సదుపాయం ఆఫ్‌లోనే ఉంటుంది, అప్పుడు తేదీలేవీ దొరకవు.

కొత్తగా వేసిన ప్రింటర్ డ్రైవర్ మీదో, ఏదో యాంటీవైరస్ మీదో అనుమానం ఉంటే స్టార్టప్ సెట్టింగ్స్‌లో రీస్టార్ట్ నొక్కండి. వచ్చే జాబితాలో 4 నొక్కితే సేఫ్ మోడ్, 5 నొక్కితే ఇంటర్నెట్‌తో కూడిన సేఫ్ మోడ్. అక్కడ విండోస్ అత్యవసరమైన వాటితోనే నడుస్తుంది. అది బాగా నడిచిందంటే తప్పు బయటినుంచి వేసిన దానిదే అని దాదాపు తేలినట్టు. దాన్ని తీసేసి మామూలుగా రీస్టార్ట్ చేయండి.

కరెంటు పోయి ఆగిపోయిన డెస్క్‌టాప్‌లకు డిస్కు తనిఖీ పనికొస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో సీ, హెచ్, కే, డీ, ఎస్, కే అనే ఆరు ఇంగ్లీషు అక్షరాలు కలిపి కొట్టండి. ఒక ఖాళీ, మీ విండోస్ డ్రైవ్ అక్షరం, దాని పక్కనే కోలన్, మళ్లీ ఖాళీ, ముందుకు వాలిన గీత, దాని వెంటనే ఎఫ్. ఎంటర్. పెద్ద డిస్కు అయితే చాలాసేపు పడుతుంది. శబ్దం చేస్తున్న డిస్కు మీద దీన్ని నడపొద్దు.

వీటిలో ఏదో ఒకటి పనిచేసి విండోస్ తెరుచుకుంది గానీ ఇంకా కుంటుతోందంటే, విండోస్ 11లో ఒక మంచి మందు ఉంది. సెట్టింగ్స్‌లోని అదే రికవరీ పేజీలో, విండోస్ అప్‌డేట్ ద్వారా సమస్యలు సరిచేసే దారి పక్కన రీఇన్‌స్టాల్ నౌ అని ఉంటుంది. ఫైళ్లు, ప్రోగ్రాములు, సెట్టింగ్స్ అన్నీ ఉంచి విండోస్‌ను మాత్రం కొత్తగా దించుకుంటుంది. రీసెట్ దాకా వెళ్లే ముందు దీన్ని తప్పకుండా ప్రయత్నించండి.

రీసెట్ చేయాల్సి వస్తే

ట్రబుల్‌షూట్ తెరలో రీసెట్ దిస్ పీసీ నొక్కండి. కీప్ మై ఫైల్స్, రిమూవ్ ఎవ్రీథింగ్ అని రెండు అడుగుతుంది. సొంతానికి వాడుకునే కంప్యూటర్ అయితే కీప్ మై ఫైల్స్ ఎంచుకోండి. మీ పేరు మీదున్న ఫోల్డర్ లోపలి ఫైళ్లు ఉంటాయి, మీరు వేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. ఏవేవి పోయాయో ఒక జాబితా తర్వాత డెస్క్‌టాప్ మీద దొరుకుతుంది. "ఫైల్స్ ఉంచుతానంది కదా" అని ట్యాలీ డేటానూ అను ఫాంట్లనూ దానికి వదిలేయకండి, అవి ప్రోగ్రాములతో పాటే పోవచ్చు.

రిమూవ్ ఎవ్రీథింగ్ ల్యాప్‌టాప్‌ను అమ్మేటప్పుడు వాడేది. తప్పక దాన్నే ఎంచుకోవాల్సి వస్తే, విండోస్ ఉన్న డ్రైవ్ ఒక్కటేనా, అన్ని డ్రైవ్‌లా అని అడిగే తెర దగ్గర కళ్లు పెద్దవి చేసి చదవండి. డీ డ్రైవ్‌లో పెళ్లి వీడియోలు దాచుకున్నవాళ్లు అక్కడ తొందరపడి అన్నీ అని నొక్కితే అవీ పోతాయి.

తర్వాత క్లౌడ్ డౌన్‌లోడా, లోకల్ రీఇన్‌స్టాలా అని అడుగుతుంది. క్లౌడ్ అయితే 4 జీబీ కంటే ఎక్కువ డేటా ఖర్చవుతుంది, కానీ ఫైళ్లు కొత్తవి వస్తాయి. లోకల్ అయితే మీ డిస్కులో ఉన్నవాటినే వాడుకుంటుంది. ఉన్నవే చెడిపోతే అది మధ్యలో ఆగిపోతుంది. ఇంటర్నెట్ బాగుంటే నేను క్లౌడే ఎంచుకుంటాను. పని జరిగేటప్పుడు ఒక శాతం దగ్గర అరగంట నిలిచిపోయినా, చాలాసార్లు రీస్టార్ట్ అయినా ముట్టుకోకండి.

రికవరీ కూడా రాకపోతే పెన్‌డ్రైవ్

డిస్కులోని రికవరీ భాగమే పాడైతే ఇంకో కంప్యూటర్ కావాలి. అందులో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకుని, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ పెట్టి నడపండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, కాబట్టి ఇందాక ఫైళ్లు దాచుకున్న దాన్ని వాడకండి. ఇక్కడ పొరపాటు పడినవాళ్లను చూశాను.

దాన్ని పాడైన కంప్యూటర్‌కు పెట్టి ఆన్ చేసి బూట్ మెనూ తెరవండి. డెల్, లెనోవోలకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9. భాష అడిగే తెర దాటాక ఇన్‌స్టాల్ నొక్కేయొద్దు. రిపేర్ అనే మాట ఉన్న దారి అక్కడే ఉంటుంది, దానిలోంచి పైన చెప్పిన ట్రబుల్‌షూట్ తెర వస్తుంది. ఫైళ్లు తీసుకోవడం, చిన్న మరమ్మతులు అన్నీ అక్కడినుంచే చేయొచ్చు.

అన్నీ విఫలమైతేనే ఇన్‌స్టాల్. ప్రొడక్ట్ కీ అడిగితే, నా దగ్గర కీ లేదు అనే దారి నొక్కండి. ఇంతకుముందు అసలైన విండోస్ ఉన్న కంప్యూటర్ అయితే, అదే ఎడిషన్ వేస్తే ఇంటర్నెట్ తగలగానే తానే యాక్టివేట్ అవుతుంది. హోమ్ ఉన్నచోట ప్రో వేయొద్దు. పార్టిషన్ల, అంటే డిస్కులోని భాగాల జాబితా వచ్చినప్పుడు సైజులు చూసి గుర్తుపట్టండి, డేటా ఉన్న డ్రైవ్‌ను ముట్టుకోకండి. జాబితా మొత్తం ఖాళీగా ఉంటే ఎస్ఎస్‌డీ పోయిందని భయపడొద్దు. ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే డ్రైవర్ లేకపోతే డిస్కు కనబడదు. మీ మోడల్ పేరుతో కంపెనీ సైట్‌లో స్టోరేజ్ డ్రైవర్ దించి, జిప్ విప్పి అదే పెన్‌డ్రైవ్‌లో వేసి, లోడ్ డ్రైవర్ నొక్కి చూపించండి. డిస్కు ప్రత్యక్షమవుతుంది.

విండోస్ లేచాక

అప్‌డేట్స్ అన్నీ రానివ్వండి. వైఫై, టచ్‌ప్యాడ్ లాంటివి పనిచేయకపోతే డ్రైవర్లు కంపెనీ సైట్ నుంచే తెచ్చుకోండి. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన ఆఫీస్ మళ్లీ కొనాల్సిన పని లేదు, మొదట ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు జత చేశారో దానితో సైన్ ఇన్ అయితే దొరుకుతుంది. ఫైళ్లను వెనక్కి వేసుకున్నాక కూడా పెన్‌డ్రైవ్‌లోని కాపీని కొన్నాళ్లు ఉంచండి.

మళ్లీ ఇన్‌స్టాల్ చేశాక బిట్‌లాకర్ కీ మారుతుంది, పాతది పనిచేయదు. కొత్తదాన్ని అకౌంట్‌లో చూసి, ల్యాప్‌టాప్ మోడల్, తేదీతో సహా కాగితం మీద రాసి, ఇంట్లో సర్టిఫికెట్లు దాచుకునే ఫైలులో పెట్టండి. చిన్నాన్న కొత్త నోట్సు మొదలుపెట్టిన రోజు ఆయన కీని అలాగే రాసి, పొలం పాస్‌బుక్కు పక్కన నేనే పెట్టొచ్చాను.